బిడ్డకు నిద్ర లేదంట

డబ్బీలో ఉన్నది నల్లమందేనని దౌలత్ బీ ఒప్పేసుకుంది. కాదని బుకాయించి ఉంటే రహమతున్నీసాకు పోట్లాట సులువయ్యేది.

"నల్లమందే. కాదన్న్యానా?" అంది ముసలామె. "మోకాళ్ళు పట్టేస్తే గోటికింత తీసుకుని నోట్లో వేసుకుంటా. మీ మామ బతికున్నప్పటి నుంచీ తింటాండా. సర్కారు అంగట్లో అమ్మేదే గదా, ఇందులో దొంగతనమేముండాది?"

అత్త చాప కింద నుంచి ఆ డబ్బీని తీసి వాకిట్లోకి విసిరింది రహమతున్నీసానే. అది దొర్లుకుంటూ పోయి ఇమాం వలి ముందు, ఏకిన దూది కుప్ప పక్కన ఆగింది. దూది ఏకే విల్లు ఒళ్ళో పెట్టుకుని అతను తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. అతని విల్లు మోత వీధి చివరి దాకా వినబడుతుంది గానీ, అతని నోటి మాట ఇంట్లో వాళ్ళకే సరిగా వినబడదు.

ఇంత రచ్చా నిద్ర కోసం. నెల కిందటి దాకా నిద్ర లేక ఆ ఇంట్లో పోట్లాటలు జరిగాయి, ఇప్పుడు నిద్ర ఎక్కువై జరుగుతున్నాయి. పసివాడు మాబాషా పొద్దు గూకితే చాలు, గుక్క పట్టి ఏడ్చేవాడు. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, వాము పొగ వేశారు, కడప పెద్ద దర్గా నుంచి ఊది తెప్పించి నుదుట రాశారు. రాత్రి మీ ఇంట్లో మళ్ళీ పీర్లపండగ జరిగిందే అని వీధిలో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అట్లాంటి బిడ్డ ఉన్నట్టుండి నిద్రపోవడం మొదలుపెట్టాడు. దీపం వెలిగించినప్పుడు కళ్ళు మూస్తే ఎండ వాకిట్లోకి వచ్చేదాకా తెరవడు. ఇరుగుపొరుగు సంతోషించారు, ఇమాం వలి సంతోషించాడు. సంతోషించనిది కన్నతల్లి ఒక్కతే.

ఆమెకు ఇంతకు ముందొక బిడ్డ ఇట్లాగే నిద్రపోయింది. తొలిచూలు ఆడపిల్ల. రాయచోటిలో అమ్మమ్మ ఇంట్లో పుట్టి, గండికోట కిందున్న ఈ ఊరికి తల్లి ఒళ్ళో వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే, జేజి దౌలత్ బీ పక్కలో పడుకున్న పిల్ల తెల్లవారి లేవలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. అల్లా రాసిన రాత అన్నారు అందరూ. రహమతున్నీసా కూడా ఆ మాటే పట్టుకుని బతికింది. ఇవాళ చాప దులపబోతే చేతికి ఆ డబ్బీ తగిలింది.

"వీనికెంత పెడతాండావు?" అని అడిగింది.

"వీనికా? నేనేమీ పెట్టలేదు."

"పెట్టకుండానే ఇట్ల పడి నిద్రపోతాడా? లేపితే లేవడు. రొమ్ము నోట్లో పెడితే రెండు గుటకలు మింగి మళ్ళీ తల వాల్చేస్తాడు."

బిడ్డ నిద్రపోతే అల్లాకు మొక్కుకోవాల్సింది పోయి పోట్లాడతావేమని దౌలత్ బీ విసుక్కుంది. ఆ విసుగే కొంప ముంచింది. ఇన్నాళ్ళూ గొంతు దాటి రాని మాట రహమతున్నీసా నోట్లోంచి వచ్చేసింది.

"ఆ ఆడబిడ్డకు కూడా ఇట్లే పెట్టింటావు. పెట్టి సంపినావు."

గోడ అవతల వడ్లు దంచుతున్న రోకలి ఆగిపోయింది. ఎదురింటి తలుపు కిర్రుమంది. ఆ మాటను ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరని ఇమాం వలికి అర్థమైంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. వాళ్ళ కడుపు వీధిలో పడింది.

దౌలత్ బీ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి, డబ్బీ తీసుకుని మూత పెట్టి కొడుకు ముందుకు చాచింది.

"ఆ బిడ్డ నా పక్కలోనే పోయింది. నిజమే. ఆ చాప మీదనే నేనింకా పండుకుంటాండా," అంది. "ఇది నీ దగ్గర పెట్టుకో నాయనా. నేనే వచ్చి అడిగినా ఇయ్యొద్దు. ఈ పొద్దుటి నుంచి బిడ్డను తాకను. అప్పుడన్నా ఆ నిద్ర యాడి నుంచి వస్తాందో తేలుతాది."

ఇంకొకరైతే ఆ మాటకు మెత్తబడేవాళ్ళు. అనుమానానికి మాత్రం మెత్తబడే గుణం లేదు. ఇంత సులువుగా ఇచ్చేసిందంటే ఇంకో డబ్బీ ఎక్కడో దాచే ఉంటుందని రహమతున్నీసా అనుకుంది.

*

ఆ రోజు నుంచి ఆమె బిడ్డకు కాపలా కూర్చుంది. నలుగు పెట్టడం, నీళ్ళు పోయడం, ఉయ్యాల ఊపడం, అన్నీ తనే. బయటికి పోవలసి వస్తే బిడ్డను చంకనేసుకునే పోయేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒకే కప్పు కింద ఉంటూ వాళ్ళిద్దరూ ఒకరికొకరు లేనట్టే మసలుకున్నారు.

దౌలత్ బీ అన్న మాట మీద నిలబడింది. నల్లమందు మానేసింది. మానిన మొదటి రోజు ఆవులింతలు. ఆ తర్వాత ముక్కు కారడం, ఒళ్ళంతా చెమటలు, కడుపులో తిప్పడం. ఎముకలను ఎవరో పిండుతున్నట్టు ముసలామె చాప మీద అటూ ఇటూ పొర్లింది. ఇమాం వలి మొలతాడుకు కట్టుకున్న డబ్బీని రెండు మూడు సార్లు తడుముకున్నాడు. ఆమె అడగలేదు. అడగకుండా ఇవ్వడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఇదంతా నటనేమో అని కోడలికి ఒక పక్క, నిజమైతే పాపం కదా అని ఇంకో పక్క. రెండూ ఆమెను నమిలేశాయి.

ఎందుకంటే బిడ్డ ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు. జేజి చెయ్యి తాకకపోయినా, డబ్బీ ఇమాం వలి నడుముకే ఉన్నా, మాబాషా నిద్ర తగ్గలేదు. పైగా ముదిరింది. బుగ్గలు లోపలికి పోయాయి. పాలు తాగే ఓపిక కూడా లేక పెదవి కొనకు తెల్లటి చుక్క నిలిచిపోయేది.

దానికి తోడు ఇంకో వింత జరిగింది. రాత్రంతా మేలుకుని కనిపెట్టుకోవాలని గోడకు ఆనుకుని కూర్చునే రహమతున్నీసా, కళ్ళు తెరిచేసరికి కోళ్ళు వాకిట్లో గింజలు ఏరుతుండేవి. నోరెండిపోయి తల దిమ్మెక్కిపోయి ఉండేది. బాలింత కదా, అలసట అని మొగుడు అన్నాడు. ఆమెకు అట్లా తోచలేదు. ఇది తన నిద్ర కాదు, ఎవరో తెచ్చి పెట్టిన నిద్ర. బిడ్డను ముట్టకుండానే పని జరిపించుకోవడానికి అత్త ఇప్పుడు తన సంగట్లో కూడా కలుపుతోంది.

ఆ ఆలోచన వచ్చాక దౌలత్ బీ వండినది ముద్ద కూడా తినలేదు. వాకిట్లో ఒక మూల మూడు రాళ్ళు పెట్టుకుని తన సంగటి తనే కెలుక్కుంది. మొగుడు తెచ్చిన బిందె పారబోసి, తనే పెన్నేటికి పోయి ఇసుకలో చెలమ తోడుకుని వచ్చింది. ఇంట్లో ఉన్న వాటిలో ఆమె నమ్మకంగా నోట్లో పెట్టుకున్నది ఒక్కటే. రాయచోటి నుంచి అమ్మ పంపిన కాయం.

బాలింతకు కాయం కొత్తేమీ కాదు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి కలిపిన ముద్ద. తెల్లారి పరగడుపున ఉసిరికాయంత తింటే ఒళ్ళు గట్టిపడుతుంది, పాలు పడతాయి. బిడ్డ రాత్రంతా ఏడ్చే రోజుల్లో, రాయచోటి వైపు సరుకు వేసుకుపోతున్న బండి పీరాతో ఆమె అమ్మకు కబురు పంపింది. బిడ్డకు నిద్ర లేదు, ఏమన్నా మందుంటే పంపమను అని. పీరా తిరుగు బండిలో కాయం జాడీ తెచ్చాడు. బిడ్డకంటూ వేరే ఏమీ పంపనందుకు ఆమె కొంచెం చిన్నబుచ్చుకుంది. తర్వాత తనే సర్దుకుంది. తల్లి పాలు బాగుంటే బిడ్డ నిద్రా బాగుంటుందని అమ్మ ఎరుగును కదా.

ఘాటు కింద ఎక్కడో కాస్త చేదు తగిలేది. పుట్టింటి జాడీ కాబట్టి ఆ చేదు కూడా ఆమెకు ప్రీతిగానే ఉంది. అత్త చేతి కూడు మానేశాక పొద్దున ఒక ముద్ద, మాపున ఇంకో ముద్ద తినసాగింది.

*

జాడీ అడుగంటేసరికి ఇంట్లో మాటలు కూడా అడుగంటాయి. నీ తల్లి ఈ ఇంట్లో ఉంటే నేను బిడ్డను ఎత్తుకుని మా అమ్మ దగ్గరికి పోతా, ఎవరు కావాలో తేల్చుకో అని రహమతున్నీసా మొగుడితో తెగేసి చెప్పింది. అంతకు ముందే ఒకసారి రమ్మని తల్లికి పీరాతో మళ్ళీ కబురు పంపింది కూడా.

ఇమాం వలికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మర్నాడు తల్లి ముందు కూర్చుని, ఆమె ముఖం చూడకుండా దూదిలోంచి గింజ ఏరుతూ, ప్రొద్దుటూరిలో అక్క నిన్ను రమ్మంటోంది అన్నాడు.

"మీ యక్క రమ్మన్నిందా, నువ్వు పొమ్మంటాండావా?" అని అడిగింది దౌలత్ బీ.

అతను ఇంకో గింజ ఏరాడు. ఆమె లేచి చీరలు మూట కట్టుకుంది. చాప మాత్రం చుట్టి గోడకు ఆనించి వదిలేసింది.

రాయచోటి నుంచి కడప దాకా మోటారు బస్సులో, అక్కడి నుంచి పీరా బండిలో వచ్చి రహమతున్నీసా తల్లి మదార్ బీ దిగింది. దిగిన బండిలోనే దౌలత్ బీ ఎక్కాలని ఏర్పాటు. వియ్యపురాళ్ళిద్దరూ చక్రం దగ్గర ఎదురుపడ్డారు. వదినా బాగుండావా అని ఒకామె అంటే, బాగుండాను వదినా అని ఇంకొకామె అని, మొహాలు తిప్పుకున్నారు. దౌలత్ బీ మూట లోపల వేసి బండెక్కి కూర్చుంది. దాణా తినిపించాక కడతానని పీరా ఎద్దులను విప్పాడు.

తల్లిని చూడగానే రహమతున్నీసా కడుపులో ఉన్నదంతా వెళ్ళబోసుకుంది. డబ్బీ దొరికిన సంగతి, బిడ్డ లేవని సంగతి, ఆడపిల్ల సంగతి. బండిలో ఉన్న మనిషికి వినబడాలనే గట్టిగా చెప్పింది. మదార్ బీ మనవడిని ఒళ్ళో వేసుకుని అరికాలు గిల్లి చూసింది. వాడు కాలు తీసుకోలేదు.

"నల్లమందు తినే మనిషి పక్కలో బిడ్డను పండుకోబెడతారా ఎవరన్నా?" అని ఆమె కూడా బండి వైపు ఒక మాట విసిరింది. కూతురి కళ్ళ కింద నలుపు చూసి గొంతు తగ్గించింది. "వాని సంగతి సరే. నీకు ఇప్పుడు నిద్ర పడతాందా?"

"నాకా? నాకేంటికి?"

"నీకు రాత్రిళ్ళు నిద్ర ల్యాదని పీరా వచ్చి చెప్పలే? ఇద్దో, అందుకే ఇంకో జాడీ చేసి తెచ్చినా."

రహమతున్నీసా అర్థం కానట్టు చూసింది. ఎద్దుల దగ్గర ఉన్న పీరాకు తన పేరు వినబడింది. అతను కబుర్లు మోయడంలో పేరున్న మనిషి. తన మీద మాట పడితే ఊరుకోడు.

"నేను కలిపిందేమీ ల్యాదమ్మా. నువ్వు చెప్పిందే చెప్తి. బిడ్డకు నిద్ర ల్యాదంట, ఏమన్నా మందుంటే పంపమనింది అంటి. ఒక్క ముక్క ఎక్కువ ల్యాదు, తక్కువ ల్యాదు."

పీరా అబద్ధమాడలేదు. అతను ఉన్నది ఉన్నట్టే మోసుకుపోయాడు. చెప్పిన తల్లి మనసులో బిడ్డ అంటే ఉయ్యాలలో ఉన్నవాడు. విన్న తల్లి మనసులో బిడ్డ అంటే తను కన్న రహమతున్నీసా. ఒక్క మాట ఇద్దరికీ సరిపోయింది కాబట్టి ఏ బిడ్డకని ఎవరూ అడగలేదు.

"ఏమేసినావమ్మా కాయంలో?" అని అడిగింది రహమతున్నీసా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"అందరూ వేసేవే. నీకు నిద్ర ల్యాదంటే ఇంత నల్లమందు పాకంలో కరిగించినా. బాలింత నిద్రపోకుంటే వాతం కమ్ముతాదని మా అమ్మ చేసేది. తొలికాన్పప్పుడూ నువ్వు ఇట్లే నిద్ర పట్టక ఏడుస్తాంటే అప్పుడూ వేసి, జాడీ నీతో పంపిస్తి గదా. ఈ తూరి శానా బాధపడతాందన్న్యాడు పీరా. అందుకే కొంచెం ఎక్కువేసినా."

మదార్ బీ ఆ మాటలు ప్రేమగా చెప్పింది. చెప్పి, కొత్త జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పబోయింది.

రహమతున్నీసా ఆమె చెయ్యి పట్టుకుంది. తల్లి తిన్నదే పాలలోకి దిగుతుందని ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు. బిడ్డకు పడదని గోంగూర మానేసింది. వాతం చేస్తుందని వంకాయ మానేసింది, జలుబని గుమ్మడి మానేసింది. ఇంత పత్యం చేసిన మనిషి, అత్త చేతి నీళ్ళు కూడా ముట్టని మనిషి, పొద్దునా మాపునా తన రొమ్ముతోనే బిడ్డకు నల్లమందు తాగించింది. ఆ ఆడపిల్లకు కూడా. అది జేజి పక్కలో పడుకునే ముందు ఎవరి పాలు తాగింది?

పుట్టింటి జాడీకి రెండు ప్రాణాల బరువు ఎక్కడిదో ఆమెకు తెలియలేదు. ఏడుపు కూడా రాలేదు. బండి వైపు చూడడానికి మాత్రం భయం వేసింది.

మదార్ బీ కూతురి ముఖం చూసి, ఒళ్ళో బిడ్డను చూసి, జాడీని చూసింది. అల్లా, నేనేం జేస్తినే అని నోట్లోనే అనుకుంది.

అప్పుడు మాబాషా కదిలాడు. ఎన్నాళ్ళకో తనంతట తను కళ్ళు విప్పి, సన్నగా, పిల్లి కూన గొంతుతో ఏడ్చాడు. ఆ ఏడుపుకు రహమతున్నీసా రవిక తడిసిపోయింది. చెయ్యి అలవాటుగా పైట దగ్గరికి పోయి అక్కడే ఆగింది. ఆకలిగా ఉన్న బిడ్డకూ, నిండిన రొమ్ముకూ మధ్య ఇంత దూరం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

బిడ్డను ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. బండిలో దౌలత్ బీ మూట మీద చేయి వేసుకుని కూర్చుని ఉంది. అన్నీ వినే ఉంటుంది.

"అత్తా, దిగు," అంది రహమతున్నీసా. అంతకంటే ఏం అనాలో తోచలేదు.

దౌలత్ బీ బిడ్డ ముఖం చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం కోడలు గమనించింది. అయినా ఆమె కదలలేదు.

"నల్లమందు ఒంట్లోంచి దిగేటప్పుడు ఎట్లుంటాదో ఈ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెల్దు. నేను ముసిల్దాన్ని, తట్టుకున్న్యా. వాడు తట్టుకునేది కష్టం. మేకపాలు పడతాయో పడవో. రేయింబగళ్ళు చూడాల. నా చేతిలో ఉండగా వానికేమన్నా అయితే?"

"ఏమీ కాదు అత్తా."

"ఆ పొద్దు కూడా ఏమీ కాదనే పండుకున్న్యా, ఆ బిడ్డను పక్కలో వేసుకుని."

ఇమాం వలి గడప దాటి రెండడుగులు వేసి నిలబడిపోయాడు. తల్లిని బండెక్కించినవాడు ఏ మొహంతో దిగమంటాడు? ఎదురింటి ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. వడ్లు దంచే ఆమె రోకలి పట్టుకునే వచ్చింది.

"నువ్వన్న మాట ఈ వీధంతా ఇనింది," అంది దౌలత్ బీ. కోపంగా అనలేదు. "నేను సంపినానని ఇనింది. నేను సంపలేదని కూడా ఇనాల. ఎట్ల పోయిందో, ఎవరి చేతి మందుతో పోయిందో, పేరు పెట్టి నీ నోటితో చెప్పు. అప్పుడు దిగుతా."

రహమతున్నీసా వెనక్కి తిరిగి చూసింది. వాకిట్లో జాడీ పక్కన చతికిలబడి ఉంది మదార్ బీ. బిడ్డ కోసం బస్సెక్కి, బండెక్కి, కొంగులో జాడీ దాచుకుని వచ్చిన మనిషి. ఆ పేరు వీధిలో పెడితే ఆమె ఇంక రాయచోటిలో తలెత్తుకోలేదు. పెట్టకపోతే దౌలత్ బీ దిగదు. చేతిలో బిడ్డ ఏడుపు సన్నబడుతోంది. అది నిద్ర వల్లనో, ఓపిక లేకనో ఆమెకు తెలియడం లేదు.

నోరు తెరిచింది. బిడ్డను భుజం మీదికి మార్చుకుని మళ్ళీ మూసింది.

మదార్ బీ గోడ పట్టుకుని లేచి గడప దాకా వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు, కూతురి వైపే చూసింది.

"చెప్పు బిడ్డా," అంది. "బిడ్డ ఆకలికి ఏడుస్తాండాడు."